రేవు ప్రశ్నలు: చిన్న ఇంజనుకు చార్జింగ్ కిట్టు అవసరమా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కొత్తపట్నం దగ్గర పల్లె. 23 అడుగుల ఫైబర్ బోటు ఉంది. 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డు ఇంజను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. టూ స్ట్రోక్, తాడు లాగి స్టార్ట్ చేసేది. ఇప్పటిదాకా టార్చిలైట్లతోనే రాత్రి వేట చేస్తున్నాం. ఈసారి నీళ్లలో చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్, జీపీఎస్ ఉన్నది ఒకటి పెట్టి, పడవకు సరైన లైట్లు బిగిద్దామనుకుంటున్నాను. మా మెకానిక్ మాత్రం ఇంజనుకు చార్జింగ్ కిట్టు వేయిస్తేనే బ్యాటరీ పెట్టుకోవాలని, లేకపోతే దండగని అంటున్నాడు. కిట్టు, కూలీ కలిపి 18 వేలు అడిగాడు. బ్యాటరీ ఖర్చు వేరే. మా మామ ఆ డబ్బుతో వల కొనుక్కోమంటున్నాడు. పొద్దుగూకాక పోయి తెల్లారి వస్తాం. పోను గంట, రాను గంట ఇంజను నడుస్తుంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, కొత్తపట్నం మండలం, ప్రకాశం జిల్లా

జవాబు: తమ్ముడూ, నీ ఇంజనుకు బ్యాటరీతో పనే లేదు. తాడు లాగినప్పుడు పైనున్న ఫ్లైవీల్ తిరుగుతుంది. దాని లోపలి అయస్కాంతాలు కాయిల్ పక్కగా తిరిగేసరికి కరెంటు పుడుతుంది. ఆ కరెంటు సీడీఐ డబ్బాలో నిలిచి, సమయానికి స్పార్క్ ప్లగ్గుకు పోతుంది. బ్యాటరీ ఉన్నా లేకపోయినా ఇంజను అలాగే స్టార్ట్ అవుతుంది, అలాగే నడుస్తుంది. కాబట్టి ఇంజను తిరిగేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసే ఆ కిట్టు ఇంజను కోసం కాదు, నువ్వు పెట్టబోయే లైట్ల కోసం, ఫిష్ ఫైండర్ కోసం. అవి ఒక రాత్రికి ఎంత కరెంటు తింటాయో లెక్క కడితే, కిట్టు కావాలో వద్దో అదే తేలుతుంది. ఆ లెక్క కట్టకుండా కావాలన్నా, వద్దన్నా గాలిలో మాటే.

నీ పడవకే లెక్క వేద్దాం. వేటలో ఉన్నామని తెలిపే ఎర్ర లైటు, తెల్ల లైటు ఎల్‌ఈడీవి అయితే రెండూ కలిపి 5 వాట్లు అనుకో. రాత్రంతా, అంటే 10 గంటలు వెలిగితే 50 వాట్ అవర్లు. వల లాగేటప్పుడు, చేప ఏరేటప్పుడు వేసుకునే 10 వాట్ల పని లైటు 3 గంటలకు 30. అయిదంగుళాల ఫిష్ ఫైండర్ దాదాపు 10 వాట్లు తింటుంది, 6 గంటలకు 60. రెండు ఫోన్లు చార్జింగ్ పెడితే ఇంకో 30. మొత్తం 170 వాట్ అవర్లు. 12 వోల్టులతో భాగిస్తే సుమారు 14 ఆంపియర్ అవర్లు. వీహెచ్‌ఎఫ్ వాకీ సెట్టు కూడా బిగిస్తే వింటూ కూర్చోవడానికే రాత్రికి మరో 3 ఆంపియర్ అవర్ల దాకా కలుపుకో. మాట్లాడేటప్పుడు 5, 6 ఆంపియర్లు లాగుతుంది గానీ అది నిమిషాల పనే.

మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దించకూడదు. రోజూ అడుగంటా వాడితే దాని ఆయుష్షు త్వరగా అయిపోతుంది. 14 కావాలంటే కనీసం 28 ఆంపియర్ అవర్ల (ఏహెచ్) బ్యాటరీ ఉండాలి. నేనైతే 40 ఏహెచ్ తీసుకోమంటాను. ఒక రాత్రి చేపలు పడక ఇంకాసేపు ఉండాల్సి వచ్చినా, వాకీ సెట్టు పెట్టినా ఇబ్బంది ఉండదు.

ఇక కిట్టు సంగతి. ఇంతటి ఇంజన్లలో చార్జింగ్ కాయిల్ మీద సాధారణంగా 5, 6 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. ఆ అంకె ఫుల్ త్రాటిల్‌లో వచ్చేది. పాత టీవీఎస్ ఎక్స్‌ఎల్ బండి చూశావు కదా, యాక్సిలరేటర్ తిప్పితే హెడ్‌లైటు వెలుగు పెరుగుతుంది, ఆగినచోట మసకబారుతుంది. ఇదీ అంతే. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు ఆంపియరో, రెండో వస్తుంది. ఆపేసి వల వేసుకుని కూర్చున్నంతసేపూ సున్నా. నీ ఇంజను పోను, రాను కలిపి రెండు గంటలు నడుస్తుంది. సగటున నాలుగున్నర ఆంపియర్లు వచ్చినా 9 ఆంపియర్ అవర్లు. అందులో బ్యాటరీలోకి నిజంగా చేరేది ఏడో, ఎనిమిదో. నువ్వు రాత్రి వాడేది 14. అంటే 18 వేలు పోసి వేయించిన కిట్టు నీ అవసరంలో సగమే తీరుస్తుంది. మిగతా సగానికి బ్యాటరీని మళ్లీ ఇంటికి మోసుకొచ్చి చార్జింగ్ పెట్టాల్సిందే. ఎలాగూ మోయాల్సినప్పుడు మొత్తం ఇంట్లోనే ఎక్కించుకో.

ఇంట్లో 5 ఆంపియర్ల చార్జర్ పెడితే నాలుగైదు గంటల్లో అయిపోతుంది. కరెంటు బిల్లుకు పడేది రోజుకు పావు యూనిట్. కష్టమల్లా మోతదే. 40 ఏహెచ్ బ్యాటరీ పది, పన్నెండు కిలోలు ఉంటుంది. ఇసుకలో రోజూ మోయడం అంటే నడుముకు పరీక్షే, అది నేను తక్కువ చేసి చెప్పను. పైన పట్టుకోవడానికి తాడు చెవులున్న పెట్టెలో పెట్టుకుంటే ఇద్దరు చెరోవైపూ పట్టుకుని తేవచ్చు.

మీ పల్లెలో పగటి పూట కరెంటు సరిగ్గా ఉండదంటే 50 వాట్ల సోలార్ పలక, దానికి ఒక చార్జ్ కంట్రోలర్ తీసుకో. మన జిల్లాల ఎండకు రోజుకు నాలుగైదు గంటల పూర్తి ఎండ లెక్కన దాదాపు 13 ఆంపియర్ అవర్లు బ్యాటరీలో పడతాయి, నీ ఖర్చుకు దాదాపు సరిపోతుంది. పలకను పడవ మీద మాత్రం బిగించకు. వలల తొక్కుడుకీ ఉప్పు నీటికీ ఎన్నాళ్లో నిలవదు. ఇంటి కప్పు మీద పెట్టుకో. కంట్రోలర్ లేకుండా పలకను నేరుగా బ్యాటరీకి కలిపితే, ఎక్కువెక్కి బ్యాటరీ నీళ్లు ఉడికిపోతాయి.

కిట్టు మాట పూర్తిగా కొట్టేసే ముందు ఒక పని చెయ్యి. నీ ఇంజను మూత తీయించి, ఫ్లైవీల్ కింద నుంచి వాడకుండా వదిలేసిన వైర్ల జత ఏదైనా బయటికి వస్తోందేమో చూపించమను. తాడు ఇంజన్లలో చాలావాటికి కంపెనీ నుంచే లైట్లకు కరెంటు ఇచ్చే లైటింగ్ కాయిల్ వస్తుంది. దాన్ని ఎవరూ వాడరంతే. అది ఉంటే ఫ్లైవీల్ ఊడదీసే పనే లేదు. రెక్టిఫైర్, రెగ్యులేటర్ కలిసి ఉన్న డబ్బా ఒకటి బిగిస్తే చాలు, 18 వేల పని కాస్తా బాగా తగ్గిపోతుంది. అంత తక్కువలో అవుతుందంటే తప్పకుండా వేయించు. సగం చార్జింగ్ ఇంజను నుంచే వస్తే రోజూ మోయాల్సిన బ్యాటరీని రోజు విడిచి రోజు మోయవచ్చు.

కాయిల్ నుంచి వచ్చేది ఏసీ కరెంటని మర్చిపోవద్దు. పాతకాలపు బల్బు దాంతో వెలుగుతుంది గానీ ఫిష్ ఫైండర్‌ను నేరుగా కలిపావంటే అప్పుడే పోతుంది. ఉత్త రెక్టిఫైర్ పెడితే ఏసీ డీసీ అవుతుంది గానీ వోల్టేజీకి కళ్లెం ఉండదు. రెగ్యులేటర్ కూడా ఉన్నదే కావాలి. అది వోల్టేజీని 14.4 దగ్గర పట్టి ఉంచుతుంది. నా బెంచి మీదకు వచ్చే కాలిపోయిన రెక్టిఫైర్లకు ఎక్కువగా రెండే కారణాలు కనిపిస్తాయి. చీకట్లో ప్లస్సు, మైనస్సు తారుమారుగా తగిలించడం ఒకటి. ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ క్లిప్పు పీకడం ఇంకొకటి. టెర్మినల్ దగ్గర ప్లస్‌కు ఎర్ర పెయింటు గట్టిగా పూసి పెట్టు, చీకట్లో టార్చి వెలుగులోనైనా తెలుస్తుంది. ఇంజను ఆపనిదే క్లిప్పు ముట్టుకోకు.

బిగించేటప్పుడు బ్యాటరీ ప్లస్ పక్కనే 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టించు. ఫ్యూజు దూరంగా పెడితే ఆ మధ్యలో వైరు ఒరుసుకుని షార్ట్ అయినా ఫ్యూజుకు తెలియదు, వైరే కాలుతుంది. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది వాడు. సన్న వైరు వేస్తే ఇంజను దగ్గర 14 వోల్టులు ఉన్నా బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి అర వోల్టు పైన తగ్గుతుంది, బ్యాటరీ ఎన్నడూ నిండదు. తగరం పూత పూసిన రాగి వైరు దొరికితే ధర చూడకుండా తీసుకో. మామూలు రాగి ఉప్పు గాలికి పచ్చబడి లోపలికంటా తినేస్తుంది. టెర్మినళ్ల మీద వాజలీన్ పూయి. బ్యాటరీని మూత ఉన్న పెట్టెలో, తాడు బిగించి, పెట్రోలు డబ్బాకు వీలైనంత దూరంగా ఉంచు. క్లిప్పు తగిలించేటప్పుడు చిన్న నిప్పురవ్వ లేస్తుంది. పెట్రోలు ఆవిరి దగ్గర ఆ రవ్వ చాలు.

మీ మామ మాట గురించి కూడా చెప్పాలి. కిట్టు విషయంలో ఆయనతో నేను ఏకీభవిస్తాను. లైట్ల విషయంలో మాత్రం ఒక్క రూపాయి వెనకాడవద్దని ఆయనకు నా మాటగా చెప్పు. కింద కృష్ణపట్నం ఓడరేవుకు బొగ్గు ఓడలు, ఇతర సరకు ఓడలు వస్తూ పోతూ ఉంటాయి. అంత పెద్ద ఓడ పైనుంచి చూసేవాడికి 23 అడుగుల తెల్ల ఫైబర్ బోటు రాత్రిపూట కనపడదు. కనపడినా అది వెంటనే ఆగలేదు, పక్కకు తిరగలేదు. టార్చి ఊపితే కెరటాల మధ్య మిణుకుమిణుకుమని ఏదో మెరిసిందనుకుంటారు తప్ప అక్కడ నలుగురు మనుషులున్నారని అనుకోరు. సముద్రంలో ఢీకొనకుండా ఉండేందుకు 1972లో అన్ని దేశాలకూ కలిపి పెట్టుకున్న నిబంధనల్లో 12 మీటర్ల లోపు పడవ పైన అన్ని వైపులకూ కనిపించే లైటు 2 నాటికల్ మైళ్ల దూరానికి తెలియాలని ఉంది. వల వేసి ఉన్న పడవకు ఎర్ర లైటు పైన, తెల్ల లైటు కింద. అవతలివాళ్లు ఆ రెండు రంగులూ చూడగానే ఇక్కడ వేట పడవ ఉంది, చుట్టూ వల ఉంది అని అర్థం చేసుకుంటారు. బ్యాటరీ తగ్గుతోందనిపిస్తే ముందు ఫిష్ ఫైండర్ ఆపు, తర్వాత ఫోన్ల చార్జింగ్ ఆపు. ఆ రెండు లైట్లూ మాత్రం తెల్లారేదాకా వెలగాలి. లైట్లకు వేరే స్విచ్చు, వేరే ఫ్యూజు పెట్టించు. ఫిష్ ఫైండర్ ఫ్యూజు పోయినా పడవ చీకటి కాకూడదు.

కాబట్టి తమ్ముడూ, లైట్లు, 40 ఏహెచ్ బ్యాటరీ, చార్జర్, ఒక మల్టీమీటర్ కొను. కిట్టు వద్దు, కాయిల్ ముందే ఉంటే తప్ప. రెండు మూడు రోజులు ఒడ్డుకు రాకుండా ఉండే పడవకు, నీళ్లు తోడే మోటారు పంపు ఉన్న పడవకు, పగలంతా ఇంజను తిరిగే పడవకు నేను ఇదే ప్రశ్నకు వేరే జవాబు చెబుతాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా, వైరింగ్ పని అప్పుడు తీరిగ్గా చేయించుకో. అప్పటికే బ్యాటరీ ఉంటే ఆ రెండు నెలలు అలా వదిలేయవద్దు. వైర్లు విప్పి, నిండా చార్జ్ చేసి, నెలకోసారి మళ్లీ ఎక్కించాలి. ఎండాకాలం వేడికి ఊరికే ఉన్నా బ్యాటరీ దిగిపోతుంది. దిగిపోయి అలాగే ఉంటే బ్యాటరీ లోపలి పలకల మీద గట్టి పెచ్చు కట్టి, జూన్‌లో ఎంత ఎక్కించినా పట్టదు.

ప్రశ్న: సార్, మేం సోమశిల జలాశయంలో చేపల వేట చేస్తాం. మా 15 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజను బటన్ నొక్కితే స్టార్ట్ అవుతుంది, తాడు కూడా ఉంది. ఇంజను నడిచినా బ్యాటరీ చార్జ్ అవడం లేదు. మీటరు 12.3 దగ్గరే ఉంటుంది. రెక్టిఫైర్ మార్చాలంటున్నారు, చాలా ఖరీదు చెబుతున్నారు. పడవలో ఇంకేమీ లైట్లు లేవు, పగలే వేట. ఇప్పుడే మార్పించాలా?
— ఒక పాఠకుడు, అనంతసాగరం మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: తొందరేమీ లేదండీ. సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లు లాగుతుందని విని చాలామంది కంగారు పడతారు. లాగేది మూడు సెకన్లు. వంద ఆంపియర్లు మూడు సెకన్లంటే ఒక ఆంపియర్ అవర్‌లో పన్నెండో వంతు మాత్రమే. రోజుకు పదిసార్లు స్టార్ట్ చేసినా ఒక ఆంపియర్ అవర్ దాటదు. వారానికో, పది రోజులకో ఇంట్లో చార్జింగ్ పెడితే మీ పని జరిగిపోతుంది. పైగా తాడు ఉండనే ఉంది. ఒకటి మాత్రం చూసుకోండి. మీది కార్బురేటర్ ఇంజనా, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజనా? ఇంజెక్షన్ అయితే కొన్ని మోడళ్లు బ్యాటరీ లేకుండానే నడుస్తాయి, సుజుకీ చిన్న ఇంజన్లలో అలాంటివి ఉన్నాయి. కొన్నింటికి మాత్రం బ్యాటరీ వోల్టేజీ పడిపోతే నడకే ఆగుతుంది. మీ ఇంజనుతో వచ్చిన పుస్తకంలో ఇది రాసి ఉంటుంది. రెండో రకమైతే నేను పైన చెప్పినదంతా పక్కన పెట్టి రిపేరు చేయించాలి.

రెక్టిఫైర్ మీద నేరం మోపే ముందు డబ్బు ఖర్చు లేని పనులు చేయండి. ఇంజను పక్కన ఉండే ఫ్యూజు పోయిందేమో చూడండి. బ్యాటరీ టెర్మినళ్లు విప్పి గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించండి. ఒక్క రాత్రి ఊరికే ఉంచిన బ్యాటరీ 12.6 చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2కు అటూ ఇటూ అయితే సగం, 11.8 అయితే దాదాపు ఖాళీ. ఇంజను స్టార్ట్ చేసి వేగం పెంచి బ్యాటరీ మీదే మీటరు పెట్టండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే చార్జింగ్ బాగున్నట్టే. మీరు చెప్పినట్టు కదలకుండా 12.3 దగ్గరే ఉంటే, ఆ రెండు పనులూ చేసి మళ్లీ చూడండి. అప్పటికీ కదలకపోతే కాయిల్ నుంచి ఏసీ వస్తోందో లేదో చూపించుకోవాలి. కాయిలే పోయి ఉంటే కొత్త రెక్టిఫైర్ వేసి లాభం లేదు. ఎప్పుడైనా మీటరు 15 దాటితే మాత్రం వాయిదా వేయకండి. అది బ్యాటరీని ఉడికించేస్తోందని అర్థం.

ప్రశ్న: లిథియం బ్యాటరీ తేలిగ్గా ఉంటుంది కదా, మోత తగ్గుతుంది. చార్జింగ్ కాయిల్ ఉన్న పాత ఇంజనుకు తగిలించవచ్చా?
— ఒక పాఠకుడు, మైపాడు

జవాబు: ఇంజనుకు నేరుగా తగిలించవద్దు. లిథియం బ్యాటరీ లోపల దాని రక్షణ కోసం ఒక సర్క్యూట్ ఉంటుంది. నిండగానే, వోల్టేజీ తేడా వస్తే ఒక్కసారిగా లైను తెంచేస్తుంది. నడుస్తున్న ఇంజను నుంచి క్లిప్పు పీకినట్టే అవుతుంది, రెక్టిఫైర్ పోతుంది. ఇంట్లో లిథియం చార్జర్‌తోనే ఎక్కించుకుని, పడవలో లైట్లకు మాత్రమే వాడుకుంటానంటే మంచిదే. మోత సగం తగ్గుతుంది, సగం వరకే దించాలన్న నియమమూ దానికి ఉండదు. ధర ఎక్కువన్నది ఒక్కటే ఆలోచించుకోవాలి.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా ఆయన పడవ బ్యాటరీని రోజూ వంటింట్లో, పొయ్యికి పక్కగా పెట్టి చార్జింగ్ వేస్తున్నారు. ప్లగ్గు అక్కడే ఉంది. ఒక్కోసారి ఘాటు వాసన వస్తోంది. ప్రమాదమా? చెబితే వినడం లేదు.
— ఒక సోదరి, ఇసకపల్లి

జవాబు: ప్రమాదమేనమ్మా. ఈ రోజే అక్కణ్నుంచి తీయించండి. చార్జింగ్ చివరి దశలో బ్యాటరీలోని నీరు విడిపోయి హైడ్రోజన్ బయటికి వస్తుంది. గాలిలో అది 4 శాతం ఉంటే చాలు, నిప్పు తగిలితే పేలుతుంది. మూసిన వంటింట్లో పొయ్యి పక్కన ఎంత ప్రమాదమో ఆయనకు ఈ పత్రిక చూపించి చెప్పండి. మీకు తెలుస్తున్న ఘాటు హైడ్రోజన్‌ది కాదు, దానికి వాసన ఉండదు. బ్యాటరీ మితిమీరి ఎక్కుతున్నప్పుడు యాసిడ్ తుంపర వల్ల, ఇంకా ముదిరితే కుళ్లిన గుడ్డు లాంటి వాయువు వల్ల ఘాటు వస్తుంది. అంటే ఆ చార్జర్ కూడా సరైనది కాదు. నిండగానే దానంతట అదే తగ్గే చార్జర్ కొనమనండి.

వసారాలో, గాలి ఆడేచోట, చెక్క పీట మీద పెట్టి, పిల్లలకు అందని ఎత్తులో ఉంచండి. దగ్గర్లో బీడీ వెలిగించకూడదు. నీళ్లు పోయాల్సిన రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి, అదీ చార్జింగ్ అయ్యాక. బోరు నీళ్లు వద్దు. యాసిడ్ చేతి మీద పడితే వెంటనే కుళాయి కింద పెట్టాలి. కంట్లో పడితే పావుగంటకు తక్కువ కాకుండా నీళ్లతో కడుగుతూనే ఉండి, ఆ తర్వాత ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి. క్లిప్పులు తగిలించేటప్పుడూ, తీసేటప్పుడూ గోడ దగ్గర స్విచ్చు ఆపి ఉండాలి.